వార్డు సభ్యురాలిగా పోటీ చేయాలంటే నామినేషన్‌కు ముందే ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న (2025 పంచాయతీ ఎన్నికల షెడ్యూలు రాకముందు అడిగినది): నల్లగొండ కోడలు

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో మూడు వేల లోపు జనాభా ఉన్న గ్రామ పంచాయతీ. 2024 ఫిబ్రవరిలో పాత పాలకవర్గం గడువు ముగిసిన నాటి నుంచి మా ఊళ్లో ప్రత్యేకాధికారి పాలనే నడుస్తోంది. ఇప్పుడు రిజర్వేషన్లు ఖరారయ్యాయి, ఎన్నికల షెడ్యూలు ఏ రోజైనా రావచ్చని కార్యాలయంలో చెబుతున్నారు. మా 4వ వార్డు బీసీ మహిళకు వచ్చింది. నేను మహిళా పొదుపు సంఘాల గ్రామ సమాఖ్యలో కోశాధికారిగా పనిచేస్తున్నాను. మా వీధిలో మోరీని సగం కట్టి వదిలేయడం వల్ల వాన పడిన ప్రతిసారీ అంగన్‌వాడీ గుమ్మం ముందు మురుగు నిలుస్తోంది. గ్రామసభలో ఎన్నిసార్లు అడిగినా రాసుకున్నారే తప్ప పని కాలేదు. అందుకే వార్డు సభ్యురాలిగా నిలబడాలని గట్టిగా అనుకుంటున్నాను. మా ఆయన, అత్తమ్మ కూడా ఒప్పుకున్నారు.

అయితే నాకు కొన్ని చిక్కులు ఉన్నాయి. పెళ్లయ్యాక నా ఓటు ఇక్కడికి మార్పించుకున్నాను కానీ, కొత్త ఓటరు జాబితాలో మా ఇల్లు 5వ వార్డులో పడింది. నా కులధ్రువీకరణ పత్రం పుట్టింటి మండలంలో తీసుకున్నది, అందులో పుట్టింటి ఇంటిపేరు ఉంది, ఓటరు జాబితాలో అత్తింటి ఇంటిపేరు ఉంది. నాకు ముగ్గురు పిల్లలు, ముగ్గురు ఉంటే పోటీకి పనికిరారని ఊళ్లో ఒకరు అన్నారు. ఇల్లు మామయ్య పేరున ఉంది, రెండేళ్ల ఇంటి పన్ను బాకీ ఉంది. నామినేషన్ కాగితాలకు వకీలు, నోటరీ తప్పనిసరా? మొత్తం మీద ఎంత ఖర్చవుతుంది? పెద్దమనుషులు ఇప్పటికే ఏకగ్రీవం మాట ఎత్తుతున్నారు, దాని సంగతి కూడా తెలిసిన వారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: విశ్రాంత ఎంపీడీఓ

అమ్మా, మీరు షెడ్యూలుకు ముందే అడగడం చాలా మంచిదైంది. ఎందుకంటే నామినేషన్లకు ఇచ్చే గడువు మూడు రోజులే. 2019 జనవరిలో మొదటి విడతకు 7వ తేదీన నోటీసు వెలువడి, 9వ తేదీతో నామినేషన్లు ముగిశాయి. 10న పరిశీలన, 11న అప్పీళ్లు, 12న వాటి పరిష్కారం, 13న మధ్యాహ్నం 3 గంటల వరకు ఉపసంహరణ, 21న పోలింగ్ జరిగాయి. ఈసారి తేదీలు మారవచ్చు కానీ క్రమం ఇదే. ఆ మూడు రోజుల్లో పంచాయతీ కార్యదర్శి దగ్గర పన్ను రశీదుల కోసం, మీసేవలో కుల పత్రాల కోసం ఊరంతా వరుస కడుతుంది. ఆ వరుసలో మీరు నిలబడకుండా ఉండాలంటే ఈ వారంలోనే కాగితాలన్నీ చేతికి తెచ్చుకోవాలి.

ముందుగా ఓటు సంగతి. వార్డు సభ్యురాలిగా పోటీ చేసేవారి పేరు ఆ గ్రామ పంచాయతీ ఓటరు జాబితాలో ఉంటే చాలు, ఏ వార్డులో ఉన్నా పరవాలేదు. 5వ వార్డు ఓటరైన మీరు 4వ వార్డు నుంచి నిరభ్యంతరంగా పోటీ చేయవచ్చు. కానీ మిమ్మల్ని ప్రతిపాదించే వ్యక్తి తప్పనిసరిగా 4వ వార్డు ఓటరై ఉండాలి. ఇక్కడే చాలా మంది తడబడతారు. మీ భర్త పేరు కూడా 5వ వార్డులోనే ఉంటుంది కాబట్టి ఆయన సంతకం మీకు పనికిరాదు. 4వ వార్డులో మీకు నమ్మకమైన మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఆ వ్యక్తి అదే పదవికి మరొకరిని ప్రతిపాదించకుండా చూసుకోండి. నామినేషన్ పత్రంలో మీ ఓటరు వరుస సంఖ్య, వార్డు సంఖ్య, ప్రతిపాదకుడి వరుస సంఖ్య, వార్డు సంఖ్య రాయాలి. ఇవన్నీ గోడకు అంటించిన తుది జాబితా చూసి రాసుకోవాలే గానీ, ఓటరు కార్డు చూసి రాయకూడదు. కార్డు మీద అసెంబ్లీ జాబితాకు సంబంధించిన వివరాలు ఉంటాయి, పంచాయతీ జాబితాలో వార్డుల వారీగా వేరే వరుస సంఖ్యలు పడతాయి.

వయసు 21 సంవత్సరాలు నిండి ఉండాలి, దాన్ని నామినేషన్ల పరిశీలన తేదీ నాటికి లెక్కిస్తారు. మీకు అది సమస్య కాదనుకుంటాను.

పిల్లల సంగతిలో మీ ఊరాయన చెప్పింది నిన్నమొన్నటి వరకు నిజమే. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంతో వచ్చిన నిబంధన ప్రకారం 1995 మే 31 తర్వాత మూడో బిడ్డ పుట్టిన వారు పోటీకి అనర్హులయ్యేవారు. తెలంగాణ 2018లో కొత్త చట్టం తెచ్చుకున్నా ఆ నిబంధనను అలాగే ఉంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దాన్ని ఎత్తివేశారు, మన రాష్ట్రంలో 2025లో ఆర్డినెన్సు ద్వారా తొలగించారు. కనుక ముగ్గురు పిల్లలున్నారన్న కారణంతో మీ నామినేషన్‌ను ఎవరూ ఆపలేరు. ఈ ఒక్క నిబంధన మూలంగా మంచి కార్యకర్తలైన ఆడవాళ్లు ఎందరో ముప్పై ఏళ్ల పాటు ఎన్నికల గడప తొక్కలేకపోయారు. పిల్లలు ఎందరన్న నిర్ణయం చాలా ఇళ్లలో ఆమె చేతిలో లేనిదే అయినా, అనర్హత మాత్రం ఆమె మీద పడేది. అది పోయినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

కుల పత్రంలో పుట్టింటి ఇంటిపేరు ఉండటం తప్పు కాదు, ఉండవలసిందే అది. కులం పుట్టుకతో, తండ్రి ద్వారా నిర్ణయమవుతుంది గానీ పెళ్లితో మారదు. భర్తది ఏ కులమైనా మీ పత్రం మీ తండ్రిగారి వివరాలతోనే వస్తుంది. అయితే పత్రంలోని మనిషి, ఓటరు జాబితాలోని మనిషి ఒకరేనని అధికారికి చూపించగలగాలి. తండ్రి పేరు, భర్త పేరు రెండూ కనిపించే ఆధారాలు, అంటే పదో తరగతి మెమో, ఆధార్, వివాహ నమోదు పత్రం ఉంటే అది, వీటి నకళ్లు జత చేసుకోండి. నామినేషన్ మీద మాత్రం ఓటరు జాబితాలో ఉన్న పేరునే అక్షరం మార్చకుండా రాయండి.

ఇంటి పన్ను గురించి. చట్టం అనర్హతగా చెప్పేది అభ్యర్థి తానుగా పంచాయతీకి చెల్లించవలసిన బాకీని, అదీ బిల్లో నోటీసో అందుకుని గడువు దాటినా కట్టకపోతే. ఇల్లు మామగారి పేరున ఉంటే ఆ బాకీ ఆయనదే. అయినా దాని మీద వాదన పెట్టుకోవద్దు. ఇంటి పన్ను, నల్లా బిల్లు కట్టేసి, రశీదుతో పాటు బాకీ ఏమీ లేదని కార్యదర్శి ఇచ్చే పత్రం తీసుకోండి. పరిశీలన నాడు ప్రత్యర్థి లేచి అభ్యంతరం చెప్పినప్పుడు ఒక కాగితం చూపిస్తే ముగిసే మాటను గంటసేపు వాదించుకోవడం ఎందుకు?

మీరు గ్రామ సమాఖ్య కోశాధికారి కావడం వల్ల ఏ ఇబ్బందీ లేదు, అది ప్రభుత్వ ఉద్యోగం కాదు. ప్రభుత్వ ఉద్యోగులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పంచాయతీతో ఇంకా నడుస్తున్న పనుల కాంట్రాక్టు ఉన్నవారు మాత్రం పోటీ చేయకూడదు.

ధరావతు (డిపాజిట్) విషయంలో భయపడనక్కరలేదు. వార్డు సభ్యులకు 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అందులో సగం, అంటే మీకు 250 రూపాయలు. సర్పంచ్ పదవికైతే 2,000, సగమైతే 1,000. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు వస్తే ఓడినా అది తిరిగి వస్తుంది. నామినేషన్లు ప్రతి ఊళ్లోనూ తీసుకోరు. కొన్ని పంచాయతీలను ఒక క్లస్టరుగా చేసి ఒకచోట తీసుకుంటారు. మీది ఏ క్లస్టరో, అక్కడి రిటర్నింగ్ అధికారి ఎవరో మండల పరిషత్ కార్యాలయంలో అడగండి. ఉదయం 10.30 నుంచి సాయంత్రం 5 వరకు తీసుకుంటారు. చివరి రోజు సాయంత్రానికి వెళ్లడం అసలు మంచిది కాదు. మొదటి రోజే వెళ్తే లోపం ఏదైనా ఉందని అధికారి చెప్పినప్పుడు సరిదిద్దుకుని మళ్లీ రావడానికి మీకు రెండు రోజులు మిగులుతాయి.

సమాధానం: సూర్యాపేట న్యాయవాది

ఎంపీడీఓ గారు చెప్పిన వాటికి నేను చట్టం వైపు నుంచి కొంత చేరుస్తాను.

నామినేషన్‌తో పాటు స్వీయ ప్రకటన ఇవ్వాలి. నేర చరిత్ర, స్థిర చరాస్తులు, అప్పులు, విద్యార్హతలు అందులో రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించాలి. దీనికి నోటరీ అక్కరలేదు, వకీలు అసలే అక్కరలేదు. అక్షరం వచ్చిన ఎవరైనా నెమ్మదిగా కూర్చుని నింపుకోగలిగిన కాగితమే ఇది. నామినేషన్ల సమయంలో మండల కేంద్రాల్లో కొందరు బల్ల వేసుకుని వేల రూపాయలు తీసుకుని ఈ ఫారాలు నింపుతుంటారు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

గడులు ఖాళీగా వదలకండి. ఆస్తి లేకపోతే "లేదు" అని, మీకు సంబంధించనిదైతే "వర్తించదు" అని రాయండి, గీత గీసి వదిలేయవద్దు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు సంబంధించి 2013లో సుప్రీంకోర్టు ఖాళీలు వదిలిన ప్రమాణపత్రాన్ని అధికారి తిరస్కరించవచ్చని స్పష్టం చేసింది. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందన్నది ఆ తీర్పుకు ఆధారం. పంచాయతీ అభ్యర్థులు కూడా అదే పద్ధతి పాటించడం క్షేమం. భర్త పేరున ఉన్న భూమి, బంగారం, సంఘం నుంచి తీసుకున్న అప్పు, బ్యాంకు లింకేజీ రుణంలో మీ వాటా, అన్నీ రాయండి. సమాఖ్యలో లెక్కలు రాసిన చేయి కాబట్టి ఇది మీకు కష్టం కాకూడదు.

పరిశీలన నాడు తప్పకుండా హాజరు కండి, వీలైతే ప్రతిపాదకుడిని కూడా వెంట తీసుకెళ్లండి. చిన్న అక్షరదోషం, ఇంటి నంబరులో తేడా వంటి ముఖ్యం కాని లోపాలతో నామినేషన్‌ను తిరస్కరించకూడదు. ప్రతిపాదకుడు వేరే వార్డు ఓటరు కావడం, రిజర్వుడు స్థానానికి కులం రుజువు లేకపోవడం, సంతకం లేకపోవడం వంటివి మాత్రం సరిదిద్దలేని లోపాలు. తిరస్కరిస్తే కారణాన్ని లిఖితపూర్వకంగా అడిగి తీసుకోండి. మరుసటి రోజే ఆర్డీఓ దగ్గర అప్పీలు వేసుకోవాలి, ఆ పై రోజు ఆయన తేల్చేస్తారు. ఆ ఒక్క రోజు దాటితే ఇక దారి మూసుకుపోతుంది, ఎన్నిక పూర్తయ్యాకే ఎన్నికల పిటిషన్ రూపంలో కోర్టుకు వెళ్లాలి. జాగ్రత్త కోసం రెండు సెట్ల నామినేషన్లు వేయండి. ఇద్దరు వేర్వేరు ప్రతిపాదకులతో వేస్తే ఒకదానిలో లోపమున్నా రెండోది నిలుస్తుంది, ధరావతు మాత్రం ఒక్కసారి కడితే చాలు.

ఏకగ్రీవం గురించి సూటిగా చెబుతాను. ఉపసంహరణ గడువు ముగిసేసరికి ఒక్కరే బరిలో మిగిలితే వారు ఎన్నికైనట్టు ప్రకటిస్తారు, అది చట్టబద్ధమే. ఊరు నిజంగా ఒక మాట మీద ఉంటే అందులో తప్పు లేదు. కానీ గుడికి ఇంత, బొడ్రాయికి ఇంత అని పాట పెట్టి పదవిని వేలం వేయడం నేరం. డబ్బు ఇచ్చి గానీ, బెదిరించి గానీ ఒకరిని తప్పించడం కూడా నేరమే. ఉపసంహరణ పత్రం మీద సంతకం చేసి ఇచ్చారంటే దాన్ని వెనక్కి తీసుకునే అవకాశం ఉండదు. అందువల్ల ఎవరి ఇంట్లోనూ, ఎవరి ముందూ ముందుగా రాసిన కాగితం మీద గానీ, తెల్ల కాగితం మీద గానీ సంతకం పెట్టవద్దు. ఒత్తిడి వస్తే రిటర్నింగ్ అధికారికి, పోలీసులకు లిఖితపూర్వకంగా తెలియజేయండి.

సమాధానం: ఖమ్మం యువకుడు

అక్కా, మీ ఉత్సాహం నీరుగార్చడం నా ఉద్దేశం కాదు గానీ, వార్డు సభ్యులకు ఊళ్లో ఏ అధికారమూ లేదన్న సంగతి కూడా తెలుసుకుని దిగండి. సర్పంచ్‌కు నెలకు 6,500 రూపాయల గౌరవ వేతనం ఉంది, వార్డు సభ్యులకు అదీ లేదు. బిల్లులు, చెక్కులు, పనులు అన్నీ సర్పంచ్, కార్యదర్శి చేతుల మీదుగానే నడుస్తాయి. మా ఊళ్లో గెలిచిన వార్డు సభ్యుల్లో చాలా మంది తీర్మానం పుస్తకంలో సంతకాలు పెట్టడానికే పరిమితమయ్యారు. మోరీ కట్టించాలన్నదే మీ ఆశయమైతే కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వడం ఇంతకన్నా సులువు.

సమాధానం: 2019లో గెలిచిన వార్డు సభ్యురాలు, జనగామ

తమ్ముడు చెప్పినదాంట్లో గౌరవ వేతనం లేదన్నది నిజం, అధికారం లేదన్నది మాత్రం నిజం కాదు. ఐదేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

మన 2018 చట్టంలో పంచాయతీ చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి. ఆ ఉపసర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు సభ్యులే, తమలో నుంచే ఎన్నుకుంటారు. ఓట్ల లెక్కింపు పూర్తయిన వెంటనే ఆ ఎన్నిక జరుగుతుంది కనుక గెలిచిన రాత్రే మీ మొదటి నిర్ణయం మీ ముందుకు వస్తుంది. పనుల మంజూరుకు పంచాయతీ సమావేశంలో తీర్మానం కావాలి, అక్కడ మీదొక ఓటు. పారిశుద్ధ్యానికి, వీధి దీపాలకు, మొక్కల పెంపకానికి, పనులకు స్థాయీ సంఘాలు వేయాలని అదే చట్టం చెబుతోంది. రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలని కూడా చెబుతోంది. తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టే ముందు పైన రాసినది చదివి, మాట్లాడిన విషయం రాయలేదని తేలితే రాయించే వరకు సంతకం పెట్టకుండా కూర్చునే సభ్యురాలు ఒక్కరున్నా సమావేశం తీరు మారుతుంది. మా దగ్గర మొదటి ఏడాది నా కోసం ఖాళీ పుస్తకాన్ని ఇంటికి పంపేవారు. నేను వెనక్కి పంపి, సమావేశం ఎప్పుడో చెబితే అక్కడికే వస్తానన్నాను. రెండు మూడు నెలలు గుర్రుగా ఉన్నారు, తర్వాత అజెండా ముందుగా పంపడం మొదలుపెట్టారు. మా వార్డులో పైపులైను మార్చడానికి ప్రజావాణిలో పడిన అర్జీలు తిరిగి పంచాయతీకే వచ్చి ఆగిపోయాయి. తీర్మానం అయ్యాకే పని కదిలింది.

ఇక ప్రచారం. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు. పార్టీల వాళ్లు వెనక ఉంటారు, అది వేరే సంగతి. ఎన్నికల సంఘం ఇచ్చే స్వేచ్ఛా గుర్తులను తెలుగు అక్షర క్రమంలో అభ్యర్థుల పేర్లను బట్టి వరుసగా కేటాయిస్తారు, మనకు నచ్చింది కోరుకునే వీలు లేదు. వార్డు సభ్యులకు గౌను, గ్యాస్ పొయ్యి, స్టూలు, సిలిండరు వంటివి వస్తాయి. సర్పంచ్ అభ్యర్థులకు ఉంగరం, కత్తెర, బ్యాటు వంటివి వేరే జాబితాగా ఉంటాయి. గుర్తు చేతికి వచ్చేది ఉపసంహరణ గడువు ముగిసిన తర్వాతే, అక్కడి నుంచి పోలింగ్‌కు పట్టుమని పది రోజులు కూడా ఉండవు. అంతవరకూ ఆగకుండా ఇప్పటి నుంచే ఇల్లిల్లూ తిరగండి. వార్డులో ఉండేదే కొన్ని వందల ఓట్లు. ఓటరు జాబితా నకలు తీసుకుని, ఇంటింటికీ వెళ్లినప్పుడు ఆ ఇంట్లో ఎవరెవరి ఓట్లు ఉన్నాయి, ఎవరు హైదరాబాదులో ఉంటున్నారు, ఎవరు మంచాన ఉన్నారు అని పక్కనే రాసుకోండి. హైదరాబాదు నుంచి బస్సు ఎక్కి వచ్చే వాళ్లకు వారం ముందే ఫోన్ చేయకపోతే వాళ్లు రారు.

ఓటు వేసే పద్ధతిని పెద్దవాళ్లకు నేర్పడం మరిచిపోకండి. ఇక్కడ యంత్రాలు లేవు, కాగితం మీదే ఓటు. ఒక్కొక్కరికి రెండు కాగితాలు ఇస్తారు: వార్డు సభ్యుడికి తెల్లది, సర్పంచ్‌కు గులాబీది. స్వస్తిక్ ముద్రను గుర్తు మీద సరిగ్గా వేసి, సిరా అవతలి గుర్తుకు అంటకుండా కాగితాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. రెండు గుర్తుల మధ్య గీత మీద ముద్ర పడితే ఆ ఓటు చెల్లదు. వార్డులో ఐదారు ఓట్ల తేడాతో ఫలితం తేలడం మామూలే, ఒక్క ఓటుతో గెలిచిన వాళ్లూ ఉన్నారు, సమానమైతే చీటీ తీస్తారు. అలాంటప్పుడు చెల్లని ఓట్లు పది పడ్డాయంటే ఎంత నష్టమో ఆలోచించండి. నేను పాత క్యాలెండరు కాగితం వెనక గడులు గీసి, అవ్వలందరికీ మడత వేయడం చూపించాను. నవ్వుకుంటూనే నేర్చుకున్నారు.

ఖర్చు గురించి అడిగారు. మందు, మాంసం, చీరలు పంచకుండా గెలవలేమని మీకు చాలా మంది చెబుతారు. నేను పంచలేదు. పంచిన వాళ్లు మా ఊళ్లో గెలిచారు, ఓడారు కూడా. కానీ మహిళా సంఘాల్లో పదేళ్లుగా పొదుపు లెక్కలు పైసాతో సహా చెప్పిన మనిషి మాటకు ఒక విలువ ఉంటుంది. మీకు అది ఉంది, దాన్ని చీరలతో పాడుచేసుకోవద్దు. పెద్దమనుషులు ఏకగ్రీవం అంటూ పిలిస్తే ఒంటరిగా వెళ్లకండి, సంఘం అక్కలను పదిమందిని వెంటబెట్టుకుని వెళ్లండి. అక్కడ మీ ఆయనతో మాట్లాడి మిమ్మల్ని ఒప్పించాలని చూస్తారు. అభ్యర్థిని నేను, నాతోనే మాట్లాడండి అని మొదటే చెప్పండి. మా ఆయన నా బదులు ఒక్క సమావేశానికి కూడా రాలేదు. ఆడవాళ్లకు సగం స్థానాలు కేటాయించింది సంతకానికి భార్య, పెత్తనానికి భర్త అన్న ఏర్పాటు కోసం కాదు.

ప్రశ్న అడిగినవారు: నల్లగొండ కోడలు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ప్రతిపాదకుడు 4వ వార్డు ఓటరే కావాలన్న సంగతి నాకు అసలు తెలియదు, మా ఆయన చేతనే సంతకం పెట్టిద్దామనుకున్నాను. ఈరోజు పొద్దున తుది జాబితా చూసి, 4వ వార్డులో ఉన్న మా సంఘం సభ్యురాలు ఒకామెతోనూ, మా ఆడపడుచుతోనూ మాట్లాడాను, ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇంటి పన్ను కట్టేశాము. రశీదు వచ్చింది, బాకీ లేదన్న పత్రం రేపు ఇస్తామన్నారు. ఖమ్మం తమ్ముడికి కూడా ధన్యవాదాలు. ప్రజావాణిలో అర్జీ ఇచ్చి చూశాము, అది మా పంచాయతీకే తిరిగి వచ్చింది.

నాకు మిగిలిన సందేహాలు రెండు. మా ప్రతిపాదకురాలికి సంతకం రాదు, వేలిముద్ర వేస్తుంది, అది చెల్లుతుందా? ఖర్చుల లెక్క ఓడినవాళ్లు కూడా ఇవ్వాలా?

సమాధానం: విశ్రాంత ఎంపీడీఓ

వేలిముద్ర చెల్లుతుందమ్మా. కాకపోతే ఇంట్లో వేయించి తీసుకెళ్లకుండా ఆమెను మీతో పాటు కేంద్రానికి తీసుకెళ్లి, రిటర్నింగ్ అధికారి ముందే వేయించండి. తర్వాత ఆ ముద్ర నాది కాదని ఆమె చేత ఎవరూ అనిపించలేరు. రెండో సెట్టుకు సంతకం వచ్చిన మీ ఆడపడుచును పెట్టుకోండి. నామినేషన్ ఇచ్చాక రశీదు, జతపరచిన పత్రాల జాబితా మీద అధికారి సంతకం తీసుకోనిదే బయటికి రావద్దు.

లెక్కల సంగతి గెలిచినా ఓడినా ఒక్కటే. ఏకగ్రీవంగా ఎన్నికైనవాళ్లు కూడా ఇవ్వాలి. ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో వార్డు సభ్యుల ఖర్చు పరిమితి 30,000 రూపాయలు, అంతకు మించిన పంచాయతీలో 50,000. సర్పంచ్ అభ్యర్థులకు ఇవి వరుసగా లక్షన్నర, రెండున్నర లక్షలు. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వెలువడిన రోజు వరకు పెట్టిన ప్రతి ఖర్చూ, కరపత్రాలు, ఆటోకు కట్టిన మైకు, కార్యకర్తల టీ ఖర్చుతో సహా అందులో రాయాలి. కరపత్రం మీద అచ్చువేసిన ప్రెస్సు పేరు, చిరునామా ఉందో లేదో చూసుకోండి. ఈ ఖర్చుల కోసం వేరే బ్యాంకు ఖాతా ఒకటి తెరిచి పెట్టుకుంటే లెక్క తేలికవుతుంది, నామినేషన్ల వారంలో బ్యాంకులు కిటకిటలాడతాయి కనుక ఆ పని కూడా ఇప్పుడే చేయండి.

ఫలితం ప్రకటించిన నాటి నుంచి 45 రోజుల లోపు రశీదులతో సహా లెక్క మండల పరిషత్ కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు రాయించుకోవాలి. ఇవ్వనివారిని ఎన్నికల సంఘం మూడేళ్ల పాటు పోటీకి అనర్హులుగా ప్రకటిస్తుంది, గెలిచినవారైతే పదవి కూడా పోతుంది. ఓడిపోయాం కదా, ఇక లెక్కతో పనేముందని ఊరుకున్న అభ్యర్థులు చాలా మంది ఆ తర్వాత వచ్చిన మండల, జిల్లా పరిషత్ ప్రాదేశిక ఎన్నికల్లో నిలబడబోయి, జాబితాలో తమ పేరు చూసుకుని నిర్ఘాంతపోవడం నా ఉద్యోగ కాలంలో చూశాను. మీరు సమాఖ్య రిజిస్టరు రాసినట్టే ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసుకోండి. బీసీ పత్రం నకలు మీద ఇంటిపేరు తేడా గురించి ఇంకా అనుమానం ఉంటే, షెడ్యూలు రాకముందే ఒకసారి తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి చూపించి రండి. షెడ్యూలు వచ్చాక అక్కడ మనిషి దొరకడమే కష్టం.